ట్యాంకు మీద పేరు

కొత్త బండి కొన్నవాడు ఎవడైనా దాని మీద కూర్చుని వస్తాడు. మా యుగంధర్ మాత్రం చేపల వ్యాన్‌లో వచ్చాడు. వాడు ముందు డ్రైవరు పక్కన, బండి వెనక ఐసు పెట్టెల మధ్యన.

ఆ రోజు మంగళవారం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు చిన్న స్టిక్కర్ల షాపు ఉంది. నంబరు ప్లేట్లు, ఆటోల మీద పేర్లు, లారీల మీద దేవుళ్లు, అన్నీ నేనే కోసి అంటిస్తాను. పొద్దుటి పూట బేరాలు లేక గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నలుగురు కలిసి పెళ్లికూతుర్ని పల్లకీలోంచి దించినంత జాగ్రత్తగా ఆ బండిని దించి నా ముందు నిలబెట్టారు.

నిమ్మపండు రంగు. రెండొందల సీసీ. ముందు సీటు నేల మీద, వెనక సీటు మేడ మీద. ఆ వెనక సీటు మీదకి వాళ్లమ్మ తవిటమ్మ పిన్ని ఎలా ఎక్కుతుందో నా ఊహకి అందలేదు.

"ఎలా ఉన్నాది?" అన్నాడు యుగంధర్.

బాగుంది. కుళ్లుకునేంత బాగుంది. నేనింకా మా నాన్న వాడి వదిలేసిన స్కూటరే తొక్కుతున్నాను. అందరూ సైకిల్ తర్వాత మోపెడ్, మోపెడ్ తర్వాత ఓ మామూలు బండి, డబ్బూ ధైర్యమూ వచ్చాక ఇలాంటిది కొంటారు. వీడు ఆ మెట్లేవీ ఎక్కలేదు. కళింగపట్నంలో వాళ్లది చేపల వేట కుటుంబం, నాకు ఇంటర్‌లో క్లాస్‌మేట్. అప్పట్నుంచి పదేళ్లుగా నా స్కూటర్ వెనకే కూర్చున్నాడు. ఒక్కసారీ హ్యాండిల్ ఇమ్మని అడగలేదు. బద్ధకం అనుకునేవాణ్ణి. అలాంటివాడి మొదటి బండి ఇది.

వ్యాన్‌లో ఎందుకు తెచ్చావని అడిగితే, పూజ కాకుండా టైరు రోడ్డు మీద పెట్టకూడదన్నాడు. మరి నా షాపు ముందున్నది రోడ్డు కాదా అంటే అది లెక్కలోకి రాదన్నాడు. వాడి మాటలు ఎప్పుడూ అంతే, వినేవాడే సర్దుకోవాలి.

"ట్యాంకు మీద ఒక పేరు ఎయ్యాల. తెలుగులోనే. గుండ్రంగా, సక్కగా."

ఏం పేరని అడిగాను. వాడు వ్యాన్ డ్రైవరు వైపు ఒకసారి చూసి, నా చెవి దాకా వచ్చి చెప్పాడు.

"కృపారాణి."

కట్టర్ నా చేతిలోనే ఉంది. ఆ క్షణంలో దేన్నీ కొయ్యకుండా ఉండటం నా అదృష్టం.

"ఏ కృపారాణి?"

"ఎంతమంది ఉన్నారేటి? మన నర్సమ్మే. నీ దగ్గరే కదా నంబరు ప్లేటు ఏయించుకున్నాది."

ఆమెకి తెలుసా అని అడిగాను.  తెలుసన్నాడు. ముందు ఒప్పుకోలేదట, నాలుగు రోజులు వెంటపడి బతిమాలితే సరేనందట. మీ ఇంట్లో ఏమన్నారని అడిగాను.

"నాన్నే కదరా పట్టుబట్టినాడు. ఆ పిల్ల పేరు లేకుండా బండి గడప దాటకూడదన్నాడు. అమ్మ సీర కూడా కొనీసింది. ఆళ్ల నాన్నగారికి మాత్రం తనే సెప్తానంది. శనివారం దాకా నువ్వు ఎవరి దగ్గరా నోరు జారకు."

నా పనిలో ఒక లెక్క ఉంది. ఆటో మీద ఉండేది కూతురి పేరు. లారీ మీద అయితే అమ్మానాన్నల దీవెన. పెళ్లికాని కుర్రాడి కొత్త బండి ట్యాంకు మీద ఆడపిల్ల పేరు ఉందంటే, ఆ పిల్ల ఎవరని అడగక్కర్లేదు. ఎనిమిదేళ్లలో ఆ లెక్క నాకు ఒక్కసారీ తప్పలేదు. నేను పేరు కోసి ఇచ్చిన కుర్రాళ్లలో సగం మంది తర్వాత శుభలేఖ తెచ్చి ఇచ్చారు. మిగతా సగం మంది స్టిక్కర్ పీకించుకోవడానికి వచ్చారు.

మూడుసార్లు కోశాను. మొదటిసారి వట్రుసుడి తెగిపోయింది. రెండోసారి 'రా' వంకర పోయింది. మూడోసారి ఊపిరి బిగపట్టి కోసి, ట్యాంకు మీద అంటించి, బుడగలు లేకుండా గుడ్డతో తుడిచాను. యుగంధర్ మురిసిపోయి నా భుజం మీద కొట్టాడు. బండి మళ్లీ ఐసు పెట్టెల మధ్యకి ఎక్కి వెళ్లిపోయింది.

ఆ పేరు కొయ్యడానికి నాకెందుకంత కష్టమైందో చెప్పాలి.

కృపారాణి కళింగపట్నం దారిలో ఉన్న గార దగ్గర ఒక ఊళ్లో ఏఎన్ఎం. వాళ్ల నాన్న ఆదాము గారి పాత బండి మీద టీకాల పెట్టె కట్టుకుని పల్లెలు తిరుగుతుంది. కిందటేడు జులైలో నంబరు ప్లేటు కోసం నా షాపుకి వచ్చింది. ఆడపిల్ల బండి కదా అని నేను నా కళంతా చూపించి, అంకెలు పక్కకి వాల్చి, తోకలు పెట్టి ఇచ్చాను. రెండో రోజు పొద్దెక్కేసరికి తిరిగి వచ్చింది. హెల్మెట్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఏటండీ ఇది? మీ అందమైన అంకెలు పోలీసోళ్లకి అర్థం కాలేదంట. గంటసేపు ఎండలో నిలబెట్టీసినారు. ఈ పెట్టెలో ఐసు కరిగిపోతే పిల్లలకి మీరొచ్చి జవాబు సెప్తారా?"

సారీ చెప్పి అప్పటికప్పుడు మామూలు అంకెలు కోశాను. ఆమె పక్కనే నిలబడి మూడు మూడులా ఉందా, ఎనిమిదిలా ఉందా అని ప్రతిదీ చూసింది. కోపంలో ఆమె ముక్కు మీద చెమట పట్టింది. నేను ఆ చెమట చూస్తూ వేలు కోసుకున్నాను. ఆమే పెట్టెలోంచి దూది తీసి కట్టు కట్టింది, అప్పుడు కూడా తిడుతూనే.

తర్వాత నెలకోసారి ఏదో ఒక పని మీద వచ్చేది. ఒకసారి సెంటరుకి బోర్డు, ఒకసారి పిల్లల బరువుల చార్టుకి లామినేషన్. ఆ పనులు గారలో కూడా అవుతాయని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో గుర్తులేదు. ఓ రోజు మా అమ్మ షాపుకి వచ్చి ఆమెని చూసి, పేరడిగి, ఏ సంఘం అని అడిగింది. మాలాగే బాప్టిస్టులని తెలిసి రెండో గ్లాసు టీ కూడా తాగించింది.

ఇంత జరిగినా నేను ఒక్క మాట అనలేదు. వేల పేర్లు కోసి అంటించినవాణ్ణి, సొంత మాట ఒక్కటి కూర్చుకోలేకపోయాను.

కిందటి శుక్రవారం వచ్చినప్పుడు పని ఏమీ చెప్పలేదు. బల్ల మీద ఉన్న రంగు కాగితాలు కాసేపు తిరగేసింది.

"పై ఆదివారం పలాస నుంచి నన్ను సూడ్డానికి వస్తన్నారు. అబ్బాయిది రైల్వేలో పని. పాస్టరు గారు తెచ్చిన సంబంధం" అంది. అని నా మొహంలోకి చూసింది.

నేనేమన్నానో తెలుసా? "మంచోళ్లేనా?" అన్నాను.

ఆమె హెల్మెట్ పెట్టుకుంది. "మంచోళ్లే అయ్యుంటారు" అంది. హెల్మెట్ అద్దం వెనక మొహం ఎలా ఉందో కనిపించలేదు. బండి స్టార్ట్ చేసిన తీరు మాత్రం బాగాలేదు.

ఆ రాత్రే తేల్చుకున్నాను, వాళ్లు వచ్చే ఆదివారం లోపల ఆమెకి చెప్పేయాలని. శనివారం ధైర్యం చాల్లేదు. ఆదివారం చర్చి. సోమవారం ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మంగళవారం పొద్దున్న ఆ కాగితం జేబులో ఉండగానే ఐసు పెట్టెల మధ్య నుంచి ఆ నిమ్మపండు బండి దిగింది.

ఇప్పుడు ఎవరికి ఏం చెప్పాలి? పలాస కుర్రాడు వస్తున్నాడు, యుగంధర్ పేరు వేయించుకున్నాడు, మధ్యలో నేనెవణ్ణి? మరి యుగంధర్‌ని ఒప్పుకున్న పిల్ల పలాస సంగతి నాకొచ్చి ఎందుకు చెప్పింది? వాడిది ఒక మతం, ఈమెది ఒకటి, అయినా వాళ్ల నాన్న సోములు బాబాయే పట్టుబట్టాడా? ఎటు నుంచి లెక్క వేసినా ఒకటి మిగిలిపోతోంది. బుధవారం ఒక ఆటోకి ముందు పేరు వెనక, వెనక పేరు ముందు అంటించాను.

గురువారం పొద్దున్న ఉండబట్టలేక బయల్దేరాను. సాకు ఒకటి దొరికింది. వాడి బండికి వేయాల్సిన తాత్కాలిక నంబరు స్టిక్కర్ నా దగ్గరే ఉండిపోయింది. ఆరున్నరకల్లా కళింగపట్నం లైట్‌హౌస్ దాటాను. సన్నటి తుంపర పడుతోంది. ఒడ్డు పక్క ఖాళీ రోడ్డు మీద నిమ్మపండు రంగు కనబడింది.

బండి నడుపుతున్నది కృపారాణి. వెనక, ఆ మేడ మీద సీటులో, బండి కొన్న యుగంధర్ రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

దూరంగా ఆగాను. వాళ్లూ ఆగారు. ఈసారి వాడు ముందుకొచ్చాడు, ఆమె వెనకెక్కింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఆమె వాడి హెల్మెట్ మీద కొట్టింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు గాలిలో నా దాకా వచ్చింది.

ఇప్పుడు చదువుతున్న మీకు సంగతి ఏమిటో అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం ఆ పూట ఆ నవ్వు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఫోన్ తీసి యుగంధర్‌కి చేశాను. నా కళ్ల ముందే వాడు ఫోన్ తీశాడు.

ఎక్కడున్నావని అడిగాను. ఇంట్లో పడుకున్నానన్నాడు. వాడి మాట వెనక అలల చప్పుడు వినిపిస్తూనే ఉంది. సరే పడుకో అన్నాను. పదేళ్లలో వాడు నాతో ఆడిన మొదటి అబద్ధం అది. నంబరు స్టిక్కర్ జేబులోనే పెట్టుకుని వెనక్కి తిరిగాను.

శుక్రవారం వాడే ఫోన్ చేశాడు. మర్నాడు పది గంటలకి బండి తీస్తున్నారట, నేను రాకపోతే జన్మలో మాట్లాడనన్నాడు. వెళ్లకూడదనుకున్నాను. కానీ వెళ్లి కళ్లారా చూస్తే ఈ అయోమయమైనా వదులుతుందని అనిపించింది. శనివారం ఉన్నంతలో మంచి చొక్కా వేసుకుని వెళ్లాను.

సోములు బాబాయ్ ఇంటి ముందు వీధంతా చేరింది. బండిని పడవని నిలబెట్టినట్టే సముద్రం వైపు మొహం పెట్టి నిలబెట్టారు. హ్యాండిల్‌కి బంతిపూలు, టైర్ల కింద నిమ్మకాయలు, పక్కన గుమ్మడికాయ. ట్యాంకు మీద నా అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి. ఒక్క బుడగ కూడా లేదు, చూసి నా మీద నాకే కోపం వచ్చింది.

కృపారాణి యూనిఫాంలో లేదు. గులాబీరంగు చీరలో వచ్చింది. నన్ను చూసి తల ఊపిందే కానీ నవ్వలేదు. తవిటమ్మ పిన్ని ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టింది. పళ్లెంలో అరటిపళ్లు, కొత్త చీర పెట్టి చేతికిచ్చింది. బండికి తనే పసుపు కుంకుమ పెట్టి, ఇక నీ వంతు అన్నట్టు ఆ పిల్ల వైపు చూసింది.

"నేను ప్రార్థనే సేస్తాను పిన్నీ" అంది కృప.

"సెయ్యి తల్లీ. ఏ దేవుడు సూసినా బండి సల్లగా ఉండాల, నా కొడుకు ఇంటికి రావాల."

కృప ట్యాంకు మీద, తన పేరు పక్కనే, చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. వేట మగాళ్లందరూ తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ఆమెన్ అన్నప్పుడు అలవాటు లేనివాళ్లు కూడా ఆమెన్ అన్నారు. తవిటమ్మ పిన్ని ఆమెని దగ్గరకి లాక్కుని, ఇంక నువ్వు మా ఇంటి పిల్లవి అని నుదుటి మీద ముద్దు పెట్టింది.

చీర పెట్టేశారు. ఇంటి పిల్ల అనేశారు. ఇంకేం మిగిలింది? నేను పెద్దమనిషిలా తప్పుకుందామని యుగంధర్ దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాను.

"కంగ్రాట్స్‌రా. పెళ్లెప్పుడు?"

"ఎవరిది?"

"నీదీ, కృపదీ."

నేను కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. కొబ్బరికాయ కొట్టబోతున్న సోములు బాబాయ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆయన నన్నూ, కొడుకునీ, ట్యాంకునీ చూసి, పక్కనున్న గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా అందుకుంది.

"ఏటి బాబూ, అంత సదువుకున్నావు. పడవ మీద ఆడపడుసు పేరు ఏస్తారు గానీ పెళ్లాం పేరు ఎవుడైనా ఏస్తాడేటి? మా పడవ మీద జగ్గమ్మని ఉన్నాది సూళ్లేదా? అది మా అప్ప. సముద్రం మీదకి ఎల్లినోడు తిరిగి రావాలని అప్పాసెల్లీ కోరుకున్నట్టు ఇంకెవులూ కోరుకోరు. పెళ్లానికైతే సేపలు వస్తే సాలు."

ఆ చివరి మాటకి తవిటమ్మ పిన్ని ఆయన వీపు మీద ఒకటి వేసింది.

జగ్గమ్మ అనే పేరు పదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఆయన తల్లి అనుకున్నాను, అక్క అనుకోలేదు. పడవల మీద పేర్లు రంగుతో రాస్తారు, స్టిక్కర్ వెయ్యరు. అందుకే ఆ లెక్క నా షాపు దాకా ఎప్పుడూ రాలేదు.

మిగతాది ముక్కలు ముక్కలుగా తెలిసింది. యుగంధర్‌కి బండి నడపడమే రాదు. చిన్నప్పుడు పడవ తెడ్డు పట్టినవాడు సైకిల్ కూడా పట్టలేదు. ఆ మాట నాకు చెప్పడానికి సిగ్గు, బండి మీద మాత్రం మోజు. వాళ్లమ్మకి బీపీ చూడ్డానికి వచ్చిన కృపని బతిమాలితే, పదిహేను రోజులు పొద్దున్నే తన పాత బండి మీద నేర్పింది. కొత్తది వచ్చాక దాని మీద కూడా. సోములు బాబాయ్‌కి ఆడపిల్లలు లేరు. కొడుకు ప్రాణం ఎవరు జాగ్రత్తగా చూస్తున్నారో ఆ పిల్లే మా ఇంటి ఆడపడుచు, పేరు ఆమెదే పడాలన్నాడు. హెల్మెట్ లేకుండా తాళం తిప్పకూడదన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది.

నవ్వుతున్న జనంలో నవ్వని మనిషి కృప ఒక్కతే. ఆమె నన్ను పిలిచి, లాగి పెట్టిన పడవల పక్కకి తీసుకెళ్లింది.

"ఆ పేరు కోసినప్పుడు నువ్వు ఏటనుకున్నావ్?"

ఏమనుకున్నానో చెప్పాను.

"మంగళవారం నుంచీ అదే అనుకుంటన్నావా? నీకాడ ఫోన్ లేదేటి?"

ఉంది. దానిలో ఆమె నంబరు కూడా ఉంది. ఆ మాట అనలేక, యుగంధర్ నా స్నేహితుడు కదా, వాడి మనసు కష్టపెట్టకూడదని అనుకున్నానని గొణిగాను.

"మరి నా మనసు?"

చినుకులు మొదలయ్యాయి. ఆమె కదల్లేదు.

"పోయిన శుక్రవారం పని లేకుండా నీ షాపుకొచ్చి పలాస సంగతి ఎందుకు సెప్పాననుకున్నావ్? మంచోళ్లేనా అన్నావ్. ఇప్పుడు ఇంకొకడి బండి మీద నా పేరు నీ సేత్తోనే అంటించి, శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చీసినావ్. పాస్టరు గారు ఒకరికి ఇస్తామంటారు, నువ్వు ఒకరికి ఇచ్చీసినావ్. నీకేటి కావాల కృపా అని ఒక్కరూ అడగరు. నువ్వు అడుగుతావనుకున్నాను, ఫిన్నీ."

గొంతు చివర్లో కొంచెం వణికింది. ఆ వణుకు నాకు వినబడకూడదనే కాబోలు, వెంటనే వెళ్లి హెల్మెట్ పెట్టుకుని పాత బండి తీసింది. కొత్త చీర ఉన్న పళ్లెం తవిటమ్మ పిన్ని చేతిలోనే ఉండిపోయింది.

ఆమె మాట ఒక్కటీ కాదనడానికి లేదు. మంచివాణ్ణి అనిపించుకోవాలని ఐదు రోజులు కుమిలిపోయాను కానీ, ఆ మంచితనంలో ఆమె ఎక్కడా లేదు. రేపు పలాస రైలు వస్తుంది. వాళ్లు వచ్చి కూర్చున్నాక నేను ఏం చెప్పినా పెద్దల పరువు అడ్డం వస్తుంది. ఈ పూట చెప్పకపోతే ఇక లేదు.

పరిగెత్తుకెళ్లి స్కూటర్ కిక్కు కొట్టాను. వాన నీళ్లు తాగి అది మొండికేసింది. పదోసారి కొడుతుంటే వెనక నుంచి పెద్ద ఇంజను చప్పుడు వచ్చింది.

"ఎక్కు" అన్నాడు యుగంధర్. హెల్మెట్ బిగించుకుని, పెదాలు బిగించుకుని ఉన్నాడు. బంతిపూల దండ ఇంకా హ్యాండిల్‌కే ఉంది.

"నీకొచ్చా?"

"వచ్చినకాడికి వచ్చు. మా సెల్లిని ఏడిపించినావ్, నానే తీసుకెల్లి దింపుతాను. ఎక్కరా."

పదేళ్లలో మొదటిసారి వాడు ముందు, నేను వెనక. కళింగపట్నం నుంచి గార దాకా వాడు రెండో గేరు దాటలేదు. ఒక గేదె మమ్మల్ని దాటి వెళ్లింది. ఐదుసార్లు బండి ఆగింది, ఆగిన ప్రతిసారీ వాడు పడవ వాళ్లలా గంగమ్మ పేరు తలుచుకుని మళ్లీ స్టార్ట్ చేశాడు. మేడ మీద సీటులో నాకు తడవని చోటు లేదు. గురువారం పొద్దున్న వాడు కళ్లెందుకు మూసుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది. ఫోన్లో అబద్ధం చెప్పినందుకు దారిలో సారీ చెప్పాడు, అది కూడా బండి ఆగినప్పుడే.

ఆదాము గారింట్లో రేపటి ఏర్పాట్లు అయిపోయాయి. చర్చి నుంచి తెచ్చిన కుర్చీలు వరండాలో దొంతరగా ఉన్నాయి. ఉతికిన కర్టెన్లు వేలాడుతున్నాయి. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో ఉండగా స్తంభం మీద నుంచి పడి విరిగిన కాలు చాచుకుని వాలుకుర్చీలో ఉన్నారు. కృప వాళ్లమ్మ జ్ఞానసుందరి ఆంటీ నన్ను చూసి తువ్వాలు కోసం లోపలికి వెళ్లింది. కృప తలుపు దగ్గర జుట్టు తుడుచుకుంటూ ఆగిపోయింది.

"నువ్వు ప్లేట్లేసే బాబువి కదా?" అన్నారు ఆదాము గారు.

"అవునంకుల్. మీతో ఒక మాట..." అని మొదలుపెట్టి ఆపేశాను. మళ్లీ అదే తప్పు చెయ్యబోతున్నాను. ఆయన వైపు నుంచి ఆమె వైపు తిరిగాను. జేబులో కాగితం తడిసి ముద్దయింది, దాంతో పని కూడా లేదు.

"కృపా, నిన్నే అడగడానికొచ్చాను. మంచోళ్లేనా అని ఆ రోజు ఎందుకన్నానో తెలుసా? ఆళ్లు నిజంగా మంచోళ్లైతే నా గతేటని భయమేసింది. నువ్వంటే నాకు ఇష్టం. నంబరు ప్లేటు మీద నువ్వు తిట్టినప్పట్నుంచీ ఇష్టం. నిన్ను పెళ్లి సేసుకోవాలని ఉన్నాది. నీకేటి కావాల?"

 బయట యుగంధర్ ఇంజను ఆపేసి, అలా వీధిలోనే నిలబడి తడుస్తున్నాడు.

ఆదాము గారు నన్ను పైకీ కిందకీ చూశారు. పాస్టరు గారి మాట మీద వాళ్లు వస్తున్నారని, ఇంత ఆలస్యంగా వచ్చి అడిగితే ఎలాగని అన్నారు. ఆయన కోపంగా అనలేదు. ఆయన కూతురి వైపు తిరిగారు.

"ఏటమ్మా?"

కృప తువ్వాలు మడత పెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు పెట్టింది.

"నాన్నా, పలాసోళ్లకి ఇప్పుడే ఫోన్ సేసీ. రేపు పొద్దున్న రైలెక్కీసి, ఆమదాలవలసలో దిగినాక సెప్తే బాగోదు."

 ఆదాము గారు ఫోన్ ఎక్కడ అన్నారు. జ్ఞానసుందరి ఆంటీ అప్పటికే దాన్ని తెచ్చి పట్టుకుని ఉంది. ఆయన కర్ర అందుకుని సిగ్నల్ కోసం వరండా చివరికి నడిచారు. ముందు పాస్టరు గారికే చెప్పాలి, తిట్లు తినేది నేనే కదా అని గొణుక్కుంటూ నంబరు నొక్కారు.

నేను తడి బట్టలతో అలాగే నిలబడ్డాను. ఫోన్ అంటోంది, రైలు అంటోంది. నా ప్రశ్నకి ఆమె ఏం చెప్పిందో నాకు ఇంకా అందలేదు.

"అంటే?" అన్నాను.

కృప మడతపెట్టిన తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"అడిగావు కాబట్టి సెప్తన్నాను. నువ్వే కావాల."